టెక్ సందేహాలు: వాచ్ ఒక మాట, బీపీ మెషిన్ ఇంకో మాట

ఈ వారం సందేహాలన్నీ బీపీ చుట్టూ తిరిగేవే. రాసినవాళ్లలో విదేశాల్లో స్థిరపడినవాళ్లున్నారు, పిల్లల దగ్గరికి వెళ్లొచ్చే పెద్దవాళ్లున్నారు. ఏ మాత్ర, ఎంత మోతాదు అన్నది డాక్టరు తేల్చాల్సిన విషయం, ఆ జోలికి పోవడం లేదు. మెషిన్, వాచ్, ఫోన్, యాప్... వీటి సంగతి చూద్దాం.

ఏడాదిగా బీపీ మాత్ర వాడుతున్నాను. గెలాక్సీ వాచ్‌లో 126/80 చూపిస్తోంది. అదే సమయానికి చేతికి కట్టే మెషిన్‌లో 142/90 వస్తోంది. ఏది నమ్మాలి? యాపిల్ వాచ్ కొంటే ఈ గొడవ ఉండదా? (మ్యూనిక్, జర్మనీ)

మెషిన్‌నే నమ్మండి, దాని పట్టీ మీ చేతికి సరిపోయేదైతే. మెషిన్ పట్టీలో గాలి నింపి రక్తనాళాన్ని నొక్కుతుంది. గాలి వదిలేటప్పుడు నాళం ఎక్కడెక్కడ ఎంత అదిరిందో పట్టుకుని లెక్క కడుతుంది. వాచ్‌లో గాలీ లేదు, నొక్కడమూ లేదు. మణికట్టు మీద కాంతి వేసి, తిరిగొచ్చిన కాంతిలో నాడి అల ఎలా ఉందో చూస్తుంది. ఆ అలను బీపీ అంకెగా మార్చాలంటే దానికో ఆధారం కావాలి. అందుకే శామ్‌సంగ్ ముందుగా మెషిన్‌తో మూడుసార్లు కొలిచి ఆ అంకెలు ఎక్కించమంటుంది. 28 రోజులకోసారి మళ్లీ అదే పని చేయమంటుంది. అంటే మీకు కనిపించే 126, మీరు ఎక్కించిన అంకెకు అటూ ఇటూ వేసిన అంచనా. ఇలా అంకెలు ఎక్కించే (కాలిబ్రేషన్) రోజు పట్టీ సరిగ్గా కట్టకపోతే ఆ తప్పును వాచ్ నెలంతా మోస్తుంది.

యాపిల్ సంగతి వేరు. 2025 సెప్టెంబరులో వచ్చిన సదుపాయం సిరీస్ 9, అల్ట్రా 2, ఆ తర్వాతి వాచ్‌లలో పనిచేస్తుంది. అది అసలు అంకెలే చూపదు. 30 రోజుల డేటా చూసి ‘మీకు బీపీ ఉండొచ్చు’ అని ఒక హెచ్చరిక మాత్రం పంపుతుంది. ఇప్పటికే బీపీ ఉందని తేలినవాళ్లకు అది ఉద్దేశించింది కాదని యాపిలే చెబుతోంది. ఉందని మీకు తెలిసిపోయింది కాబట్టి దానికోసం డబ్బు పెట్టనక్కర్లేదు.

అలాగని 142 కూడా రాతిమీద గీత కాదు. టేపు తీసుకుని భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యలో చేతి చుట్టుకొలత చూడండి. మామూలు పట్టీ 22 నుంచి 32 సెంటీమీటర్ల చేతులకు వస్తుంది. 22–42 అని రాసున్నవీ దొరుకుతాయి. లావు చేతికి చిన్న పట్టీ కడితే అంకె పైకి ఎగబాకుతుంది. 2023లో వచ్చిన ఒక అమెరికా పరిశోధనలో, పెద్ద పట్టీ కావాల్సినవాళ్లకు మామూలు పట్టీ కడితే పై బీపీ సగటున 5 పాయింట్లు ఎక్కువొచ్చింది. మరీ పెద్ద పట్టీ కావాల్సినవాళ్లకు దాదాపు 20 పాయింట్లు పెరిగింది. ఇరవై పాయింట్లంటే ఒక మాత్ర అదనంగా రాసేంత తేడా.

పట్టీ సరైనదే అయితే చేయి ఎక్కడుందో చూడండి. పట్టీ గుండె ఎత్తులో ఉండాలి. 10 సెంటీమీటర్లు కిందికి దిగితే రీడింగ్ సుమారు 8 పాయింట్లు పెరుగుతుంది. సోఫాలో కూర్చుని చేయి ఒళ్లో పెట్టుకుంటే జరిగేది ఇదే. డైనింగ్ టేబుల్ మీద చేయి ఆనించి, వీపు కుర్చీకి ఆనించి, రెండు పాదాలూ నేల మీద పెట్టి, అయిదు నిమిషాలు ఊరికే కూర్చోండి. పట్టీ కింది అంచు మోచేతి మడతకు ఒకటి రెండు సెంటీమీటర్ల పైన ఉండాలి. లోపలికి రెండు వేళ్లు దూరాలి. చొక్కా చేతిని బిగుతుగా పైకి మడిచి దాని కింద పట్టీ కట్టకండి, మడతే తాడులా బిగుసుకుంటుంది. కాఫీ తాగి అరగంట అయ్యాక కొలవండి. నిమిషం తేడాతో రెండుసార్లు చూడండి. కొలిచేటప్పుడు మాట్లాడకూడదు, స్పీకర్‌ఫోన్‌లో అమ్మతో అయినా సరే.

మెషిన్ కొనబోయేవాళ్లు స్టార్లు, రివ్యూలు చూసే ముందు స్ట్రైడ్‌బీపీ డాట్ ఆర్గ్, వ్యాలిడేట్‌బీపీ డాట్ ఆర్గ్ సైట్లలో మోడల్ నంబరు వెతకండి. పరీక్షల్లో నెగ్గిన మోడళ్ల జాబితాలవి. నంబరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా అది వేరే మోడలే అనుకోండి. ఇంకో మాట: యూరప్ లెక్కలో ఇంట్లో కొలిచే సగటుకు హద్దు 135/85, అమెరికా లెక్కలో 130/80. యాప్ ఏ దేశం లెక్కతో ఎరుపు రంగు చూపిస్తోందో చూసుకుంటే సగం కంగారు తగ్గుతుంది. 180/120 దాటి, ఛాతీలో నొప్పో, ఆయాసమో, మాట తడబడటమో, చూపు మసకబారడమో ఉంటే మాత్రం యాప్ పక్కన పెట్టి ఆ దేశపు అంబులెన్స్ నంబరుకు ఫోన్ చేయండి.

ఆన్‌లైన్‌లో కొన్న కొత్త మెషిన్ 18.4 / 11.6 అని చూపిస్తోంది. పాడైందా? (కువైట్)

పాడవలేదు. ఒత్తిడి చూపే యూనిట్ మామూలు ఎంఎంహెచ్‌జీ నుంచి కిలోపాస్కల్‌కి మారింది. 7.5తో గుణించండి, 138/87 వస్తుంది. ఇలాంటి మెషిన్లలో ఏదో ఒక బటన్‌ను కాసేపు నొక్కిపడితే యూనిట్ మారుతుంది. ఏ బటనో మాన్యువల్‌లో ఉంటుంది.

హైదరాబాద్‌లో ఉదయం 8కి టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్ కలిసిన మాత్ర వేసుకుంటాను. మూడు వారాలకు డాలస్ వెళ్తున్నాను. ఫోన్ రిమైండర్ అక్కడ ఎన్నింటికి మోగుతుంది? పోయినసారి అసలు మోగనేలేదు. (హైదరాబాద్)

ఫోన్ గడియారంలో పెట్టిన అలారం ఏ ఊరికి వెళ్తే ఆ ఊరి 8 గంటలకే మోగుతుంది. ఇక్కడే ఒక చిక్కుంది. ఇక్కడ ఉదయం 8కి మాత్ర వేసుకుని బయల్దేరి, తర్వాతిది డాలస్‌లో మర్నాడు ఉదయం 8కి వేసుకుంటే, వేసవిలో ఆ రెంటి మధ్య 34 గంటల 30 నిమిషాలు గడుస్తాయి. తిరుగు ప్రయాణంలో ఆ వ్యవధి 13 గంటల 30 నిమిషాలకు పడిపోతుంది. ఆమ్లోడిపిన్ ఒంట్లో సగానికి తగ్గడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది. టెల్మిసార్టాన్‌కి 24 గంటలదాకా పడుతుంది. కాబట్టి ఒక పూట అటూ ఇటూ అయితే కొంప మునగదు. కానీ మూడు వారాల కోసం రెండుసార్లు టైము మార్చడం కంటే ఇండియా టైమునే పట్టుకుని ఉండటం తేలిక. మన ఉదయం 8 అంటే డాలస్‌లో ముందురోజు రాత్రి 9:30, భోజనమయ్యాక వేసుకోవచ్చు. ఉదయమా రాత్రా అన్న భయం అక్కర్లేదు. బ్రిటన్‌లో 21 వేల మందికి పైగా పాల్గొన్న ‘టైమ్’ అధ్యయనం 2022లో రెంటికీ తేడా లేదని తేల్చింది.

ఫోన్‌లో చేయాల్సింది ఇది. గూగుల్ క్యాలెండర్‌లో రోజూ వచ్చే ఈవెంట్‌గా పెట్టి, టైము కింద ఉండే టైమ్‌జోన్‌లో ‘ఇండియా స్టాండర్డ్ టైమ్’ ఎంచుకోండి. మీరెక్కడున్నా అదే క్షణానికి వస్తుంది. క్యాలెండర్ ఒక్కసారి టింగుమని ఊరుకుంటుంది కాబట్టి, అక్కడికి చేరాక రాత్రి 9:30కి గడియారం అలారం కూడా పెట్టుకోండి. నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు గంట వెనక్కి వెళ్తాయి. ఆ రోజు నుంచి క్యాలెండర్ 8:30కి, అలారం 9:30కి మోగుతాయి. రెండూ మోగాయి కదా అని రెండు మాత్రలు వేసుకున్నారంటే చిక్కే! డబ్బాకు వారాల గళ్లుంటే గడి ఖాళీగా ఉందో లేదో చూస్తే తెలిసిపోతుంది.

రెండు మినహాయింపులున్నాయి. మాత్ర పేరు చివర ‘హెచ్’ ఉంటే అందులో మూత్రం ఎక్కువ చేసే మందు కలిసి ఉంటుంది. అది రాత్రి వేసుకుంటే నిద్రలో నాలుగుసార్లు లేవాల్సి రావచ్చు. రోజుకు రెండు మూడుసార్లు వేసుకునేవి, ముఖ్యంగా క్లోనిడిన్, మెటోప్రోలాల్ వంటివి, ఇలా గంటల తరబడి జరపకూడదు. మధ్యలో ఆగితే బీపీ ఒక్కసారిగా ఎగిరిపడుతుంది. ఇలాంటివి వాడుతుంటే టికెట్ బుక్ చేసినప్పుడే డాక్టరుతో వేళలు రాయించుకోండి. మాత్రలు చేతిబ్యాగులోనే ఉండాలి, చెక్‌ఇన్ సూట్‌కేసులో కాదు.

ఇక పోయినసారి మోగకపోవడానికి బ్యాటరీ పొదుపే కారణం అయ్యుండొచ్చు. మాత్రల యాప్‌ను ఆండ్రాయిడ్ నిద్రపుచ్చుతుంది. సెట్టింగ్స్‌లో యాప్స్‌కి వెళ్లి, ఆ యాప్ బ్యాటరీ విభాగంలో ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ పెట్టండి. షావోమీ, ఒప్పో, వివో ఫోన్లలో ‘ఆటోస్టార్ట్’ కూడా ఆన్ చేయాలి. ఆండ్రాయిడ్ 14 నుంచి ఇంకో తాళం వేశారు: ‘స్పెషల్ యాప్ యాక్సెస్’లో ‘అలార్మ్స్ అండ్ రిమైండర్స్’ అనుమతి కొత్తగా వేసిన చాలా యాప్‌లకు మొదట్లో ఆపేసి ఉంటుంది. అది ఇవ్వకపోతే రిమైండర్ సరిగ్గా అదే నిమిషానికి మోగుతుందన్న హామీ లేదు. ఐఫోన్ వాడేవాళ్లు హెల్త్ యాప్‌లోని ‘మెడికేషన్స్’ వాడితే చాలు. టైమ్‌జోన్ మారగానే వేళలు సరిచూసుకోమని అదే అడుగుతుంది.

ఇండియాలో రాసిన సిల్నిడిపిన్ అమెరికా ఫార్మసీ యాప్‌లో వెతికితే రావడం లేదు. స్పెల్లింగ్ తప్పా? (ఎడిసన్, న్యూజెర్సీ)

స్పెల్లింగ్ తప్పేం లేదు. ఆ మందుకు అమెరికాలో అనుమతి లేదు. అక్కడి డాక్టరు దాని బదులు వేరేది రాస్తారు. తెచ్చుకున్న మాత్రలు ఇంకో నెలకు సరిపడా ఉండగానే అపాయింట్‌మెంట్ తీసుకోండి. మీ చీటీలోని మిగతా మందుల్ని మాత్రం బ్రాండ్ పేరుతో వెతక్కండి. ఒకే పేరుకు ఒక్కో దేశంలో ఒక్కో మందు ఉంటుంది. అమెరికాలో ‘డిలాకార్’ పేరుతో అమ్మింది బీపీకి వాడే డిల్టియాజెమ్. సెర్బియాలో అదే పేరున్నది డిజాక్సిన్, అది గుండె మందు. మాత్రల అట్ట వెనక చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు, మిల్లీగ్రాములు కనిపించేలా ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. అట్టను ఆ పేరున్న వైపు నుంచి చింపకుండా వాడితే మంచిది.

నేనూ మా ఆవిడా ఒకే బ్లూటూత్ బీపీ మెషిన్ వాడతాం. ఫోన్ మార్చాక రీడింగులు యాప్‌లోకి రావడం లేదు. అంతకుముందు వచ్చినవీ ఇద్దరివీ కలిసిపోయాయి. (షార్జా)

పాత ఫోన్‌లో బ్లూటూత్ ఆపేయండి, లేకపోతే మెషిన్ దానికే అతుక్కుంటుంది. కొత్త ఫోన్ బ్లూటూత్ జాబితాలో మెషిన్ పేరుంటే తీసేయండి. జత కలపాల్సింది అక్కడ కాదు, యాప్ లోపలి నుంచి. ఆండ్రాయిడ్ 12, ఆ పైన అయితే ‘నియర్‌బై డివైసెస్’ అనుమతి ఇవ్వాలి. అంతకంటే పాతదైతే లొకేషన్ ఆన్‌లో ఉండాలి. చాలా మోడళ్లలో బ్లూటూత్ బటన్‌ను కాసేపు నొక్కిపడితే తెర మీద ‘పి’ మినుకుమినుకుమంటుంది, అప్పుడు కలపాలి. ఇవన్నీ చేసినా కుదరకపోతే సెల్స్ మార్చి చూడండి. పట్టీకి గాలి నింపేందుకు సరిపోయిన సెల్, బ్లూటూత్‌కి వచ్చేసరికి చతికిలపడొచ్చు.

ఇద్దరివీ కలవకుండా ఉండాలంటే మెషిన్ మీదున్న 1–2 మీటను కొలవక ముందే జరపాలి. యాప్‌లో కూడా ఒకరి ఫోన్ 1కి, ఇంకొకరి ఫోన్ 2కి కలపాలి. ఇప్పటికే కలిసిపోయినవాటిని విడదీసే దారి లేదు. చెరిపేసి వారం రోజులు మళ్లీ కొలవండి. తప్పుడు సగటు డాక్టరు చేతికి వెళ్లడం కంటే వారం ఆలస్యమే నయం.

నాన్న రాజమండ్రిలో ఉంటారు. బీపీ చూసుకుని మెషిన్ ఫొటో వాట్సాప్‌లో పంపుతారు. డాక్టరుకు చూపాలంటే వందల ఫొటోలు వెతకాలి. (మెల్‌బోర్న్)

ఫొటో పంపడం ఆపించకండి, ఆయన అలవాటు ఆయనకుండనివ్వండి. గూగుల్ షీట్ ఒకటి తెరిచి అంకెలు మీరెక్కించండి: తేదీ, వేళ, పై బీపీ, కింద బీపీ, నాడి, చివర్లో ఒక గమనిక గడి. డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు ఏడు రోజులు, ఉదయం రెండు, సాయంత్రం రెండు చొప్పున 28 రీడింగులు చాలు. మొదటి రోజు నాలుగూ వదిలేసి, మిగతా 24 ఎంచుకుంటే షీట్ కింద కుడిమూలన ‘సమ్’ కనిపిస్తుంది. దాన్ని నొక్కితే సగటు చూపిస్తుంది. కంప్యూటర్‌లో చేయండి, ఫోన్‌లో కంటే సుఖం.

తేదీల దగ్గర ఒక బోనుంది. షీట్ అమెరికా పద్ధతిలో ఉంటే 3/4 అన్నది ఏప్రిల్ 3 బదులు మార్చి 4 అయి కూర్చుంటుంది. ఫైల్, సెట్టింగ్స్‌లో ‘లొకేల్’ ఇండియాగా మార్చండి. ఫొటోలో మెషిన్ చూపే తేదీని కూడా నమ్మకండి. సెల్స్ తీసి వేస్తే కొన్ని మెషిన్లు జనవరి 1కి వెళ్లిపోతాయి. ఫొటోలో నాడి పక్కన గతితప్పిన గుండె గుర్తు పదేపదే కనిపిస్తుంటే గమనిక గడిలో రాయండి. నాడి లయ తప్పినప్పుడు ఈ మెషిన్ల లెక్కా తప్పుతుంది. పైగా డాక్టరు ఈసీజీ తీయాల్సిన సంగతి అది.

ప్యాకెట్ స్కాన్ చేసే యాప్ ఒకే రకం ఊరగాయకు అమెరికా సీసా మీద ఒక అంకె, ఇక్కడి సీసా మీద ఇంకో అంకె చూపిస్తోంది. (లెస్టర్, ఇంగ్లండ్)

అమెరికా సీసా మీద సోడియం మిల్లీగ్రాముల్లో ఉంటుంది, మీ దగ్గర ఉప్పు గ్రాముల్లో. సోడియంను 2.5తో గుణిస్తే ఉప్పు. 800 మిల్లీగ్రాముల సోడియం అంటే 2 గ్రాముల ఉప్పు. రోజంతటికీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 5 గ్రాముల లోపు. పైగా అక్కడ లెక్క ఒక సర్వింగ్‌కి, అంటే ఊరగాయైతే టేబుల్‌స్పూన్ అంత. మీ దగ్గర 100 గ్రాములకు. మీ ప్యాకెట్ల రంగుల లెక్కలో, 100 గ్రాముల్లో ఉప్పు 1.5 గ్రాములు దాటితే ఎరుపు, 0.3 లోపైతే ఆకుపచ్చ. ఊరగాయ ఏ దేశంలోనైనా ఎరుపే, దానికి యాప్ అక్కర్లేదు. యాప్ పనికొచ్చేది బ్రెడ్, సాస్, సూప్ ప్యాకెట్ల దగ్గర. చాలా యాప్‌లలో అంకెలు ఎక్కించేది వాడేవాళ్లే కాబట్టి దశాంశ బిందువు ఒకసారి ప్యాకెట్‌తో పోల్చి చూడండి.

యాప్ ఆకుపచ్చ చూపించినా ఆగాల్సిన చోటు ఒకటుంది: ‘తక్కువ సోడియం ఉప్పు’. అందులో సోడియం బదులు పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్ వాడేవాళ్ల ఒంట్లో పొటాషియం అసలే పేరుకుంటుంది. కిడ్నీ పనితీరు తగ్గి ఉంటే మరీను. స్కానర్ ఉప్పును చూస్తుంది గానీ మీ మాత్రల డబ్బాను చూడదు. ఆ ప్యాకెట్ కొనే ముందు రక్తంలో పొటాషియం పరీక్ష ఎప్పుడు చేయించారో డాక్టరుకు చెప్పి అడగండి.