సమాధానం: పడవ కారుతోందని ఎపాక్సీ కూరకండి

అన్నా, రెండేళ్లు ఉప్పల్‌లో మేడ మీద ఎండిన సెకండ్ హ్యాండ్ చెక్క పడవలో బకెట్ నీళ్లు పోస్తే పలకల సందుల్లోంచి కారిపోయాయని, పెయింటర్ ఎపాక్సీతో (ఆరాక రాయిలా గట్టిపడే జిగురు) నింపేయమన్నాడని, చేపల వేటకి గాలాల స్టాండ్లు కూడా బిగించాలనుందని రాశారు. వద్దు. మన ఎండకి చెక్క కుంచించుకుపోయింది, అంతే. ఇప్పుడు గట్టి పుట్టీ కూరితే, నీళ్లలో చెక్క ఉబ్బినప్పుడు పలకే చీలుతుంది. నేను ఆ పని చేసి ఒక పలక పోగొట్టుకున్నాను.

ముందు నీడలోకి మార్చి, లోపల గోనె సంచులు పరిచి నాలుగైదు రోజులు తడుపుతూ ఉండండి. నిండా నీళ్లు మాత్రం నింపకండి, బరువుకి అడుగు పగలొచ్చు. సందులు చాలావరకు వాటంతటవే మూసుకుంటాయి. మిగిలినవాటిలో దూది వత్తి దూర్చి, పైన మెత్తగా సాగే సీలెంట్ వేస్తే చాలు.

పుచ్చు చూడటానికి స్క్రూడ్రైవర్‌తో పొడవండి, ముఖ్యంగా సీట్ల కింద, వాన నీళ్లు నిలిచే మూలల్లో. మొన వెన్నలోకి దిగినట్టు దిగితే ఆ ముక్క మార్చాల్సిందే. తుప్పు మేకుల చోట కంచు (సిలికాన్ బ్రాంజ్) స్క్రూలు వాడండి. సికింద్రాబాద్ రాణిగంజ్‌ హార్డ్‌వేర్ షాపుల్లో వెతకండి.

గాలాల స్టాండ్లు ఆఖర్న. ముందు తెడ్లు, లంగరు తాడు, లైఫ్ జాకెట్. చెరువులో దించేముందు అక్కడి మత్స్యకారుల సొసైటీని అడగండి.