మాస్టారిని అడగండి: కాలిపోయిన తెలుగు వ్యాకరణం

ప్రశ్న: మాస్టారూ, మాది బొబ్బిలి. సండే స్కూలు పిల్లల కార్యక్రమంలో మా పాప విలియం కేరీ గురించి ఐదు నిమిషాలు మాట్లాడాలట. చెప్పులు కుట్టేవాడని, ఇంగ్లండు నుంచి బెంగాల్‌కి వచ్చాడని తెలుసు. మన తెలుగువాళ్ళకి ఆయనతో ఏం పని? పాపకంటే నాకే టెన్షన్‌గా ఉంది. (ఒక తల్లి, బొబ్బిలి)

జవాబు: అమ్మా, పాపకి ఒక్క సంగతి ఇవ్వండి చాలు. ఆయన తెలుగు వ్యాకరణం రాశాడు, అది కాలిపోయింది, మళ్ళీ రాశాడు. మిగతాదంతా దాని చుట్టూ అల్లుకోవచ్చు.

1761లో పాలర్స్‌పరీ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి నేతపని చేసి తర్వాత బడిపంతులైనవాడు. కొడుకు చెప్పుల పనిలో చేరి, పని మధ్యలోనే పుస్తకం పెట్టుకుని లాటిన్, గ్రీకు, హీబ్రూ పట్టాడు. మౌల్టన్ అనే ఊళ్ళో బాప్టిస్టు సంఘానికి పాస్టరు, ఆ ఊరి పిల్లలకి పంతులు, అది చాలక చెప్పులు కుట్టడం. మూడూ కలిపినా ఇల్లు గడిచేది కాదు. కాగితాలు అతికించి పెద్ద ప్రపంచపటం గీసి గోడకి తగిలించుకున్నాడు. 1792 అక్టోబరు 2న కెట్టరింగ్‌లో కొద్దిమంది పాస్టర్లు ఒక ఇంట్లో కూర్చుని మిషను సొసైటీ పెడితే ఆ రోజు రాసుకున్న చందా 13 పౌండ్ల 2 షిల్లింగుల 6 పెన్నీలు. మరుసటి ఏడాది నవంబరుకి కేరీ కలకత్తాలో ఉన్నాడు, పెళ్ళాం పిల్లలతో సహా.

ఈస్టిండియా కంపెనీవాళ్ళు మిషనరీలని రానిచ్చే రోజులు కావవి. అందుకని నీలిమందు ఫ్యాక్టరీలో ఉద్యోగం చేసుకుంటూ బెంగాలీ నేర్చుకున్నాడు. 1800లో కలకత్తా దగ్గరే డెన్మార్కువాళ్ళ చేతిలో ఉన్న శ్రీరాంపూర్‌కి మారాక గానీ ప్రెస్సు పెట్టి ధైర్యంగా పనిచేసే వీలు దొరకలేదు. మొదటి బెంగాలీకి బాప్తిస్మం ఇచ్చింది ఆ ఏడాది డిసెంబరు 28న, కృష్ణపాల్ అనే వడ్రంగికి. అంటే ఏడేళ్ళకి ఒక్కడు. ఇప్పటి ఆఫీసుల్లో ఈ టార్గెట్ చూపిస్తే ఏమవుతుందో మీకు తెలుసు. నన్నడిగితే ఆయన అసలు పని ప్రసంగం కాదు, పాఠం. 1801 నుంచి కలకత్తా ఫోర్ట్ విలియం కాలేజీలో కంపెనీ కుర్రాళ్ళకి భాషలు చెప్పాడు, మొదట నెలకి 500 రూపాయలు, ప్రొఫెసరు అయ్యాక 1000. ఆ రోజుల్లో అది మామూలు డబ్బు కాదు, అయినా ఇంటి ఖర్చుకి కొంచెం ఉంచుకుని మిగతాది మిషనుకే పోసేవాడు.

ఇక పాపకి కావలసిన భాగం. 1812 మార్చి 11 సాయంత్రం శ్రీరాంపూర్ ప్రెస్సుకి నిప్పంటుకుంది. కేరీ కలకత్తాలో ఉన్నాడు, మర్నాడు తోటివాడు మార్ష్‌మన్ వెళ్ళి చెబితేనే తెలిసింది. కాగితం కట్టలు, అచ్చు అక్షరాలు, చేతిరాతలు బూడిదయ్యాయి. వాటిలో ఆయన తెలుగు వ్యాకరణం మొత్తం ఉంది, పంజాబీ వ్యాకరణం చాలావరకు ఉంది, ఏళ్ళ తరబడి కూర్చిన నిఘంటువు ఉంది. అక్షరాలు పోతపోయడానికి వాడే ఉక్కు పనిముట్లు మాత్రం బూడిద కింద చెడకుండా దొరికాయి, వాటితో అచ్చు త్వరగానే మళ్ళీ మొదలైంది. కానీ వ్యాకరణానికి పోత అచ్చులేం ఉంటాయి, తలలోంచే రావాలి కదా. మళ్ళీ కూర్చుని రాశాడు, 1814లో అచ్చయింది. మనం తెలుగుకి దేవుడిలా తలుచుకునే బ్రౌన్ దొర మద్రాసులో దిగింది 1817లో, అదీ గుర్తుపెట్టుకోండి.

తిత్లీ తుపానుకి టెక్కలిలో మా ఇంటి అటక తడిసి నా పాఠాల నోట్సులన్నీ ముద్దయిపోయాయి. ఒక్కటి కూడా మళ్ళీ రాయలేదు నేను. అందుకే ఈ కథ దగ్గర నాకు కొంచెం సిగ్గుగా ఉంటుంది.

పాప స్పీచ్‌లో వద్దు గానీ మీకు రెండు మాటలు చెప్పాలి. ఒకటి, ఆ వ్యాకరణం ముందుమాటలో కేరీ తెలుగుని సంస్కృతం నుంచి పుట్టిన భాషగా లెక్కేశాడు. 1816లో మద్రాసు కలెక్టరు ఎల్లిస్ అది తప్పని, తెలుగు, తమిళం, కన్నడం వేరే ఒక కుటుంబమని మాటల వేర్లు తీసి చూపించాడు. శ్రీరాంపూర్‌లో పండితుల సాయంతో నేర్చుకున్న తెలుగు అది, మన సంతలో నిలబడి విన్నది కాదు. రెండోది, ఆయన భార్య డొరొతీ. రావడానికి మొదట ఒప్పుకోలేదు, వచ్చాక 1794లో అయిదేళ్ళ కొడుకు పీటర్ జబ్బుచేసి పోయాడు, ఆమె మతి చెదిరింది, 1807లో చనిపోయేదాకా కుదుటపడలేదు. పక్కగదిలో ఆమె కేకలు వినిపిస్తుంటే ఈయన తర్జుమా చేసుకునేవాడట. దాన్ని గొప్పగా చెప్పేవాళ్ళని చూశాను, నాకు మాత్రం నోరు రాదు.

ప్రశ్న: మా పాస్టరుగారి పేరు పక్కన బి.డి. అని ఉంటుంది, శ్రీరాంపూర్ డిగ్రీ అంటారు. కానీ ఆయన చదివింది హైదరాబాదులో. ఇదెలా? (ఒక యువకుడు, పాలకొండ)

జవాబు: బాబూ, బి.డి. అంటే బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ, పాస్టర్లు చదివే డిగ్రీ. మన జిల్లా డిగ్రీ కాలేజీలు ఎచ్చెర్ల యూనివర్సిటీ రాకముందు ఆంధ్రా యూనివర్సిటీ కింద ఉండేవి కదా, అలాంటిదే. 1818లో కేరీ, మార్ష్‌మన్, వార్డ్ ముగ్గురూ కలిసి శ్రీరాంపూర్‌లో కాలేజీ పెట్టారు. మొదట చేరిన 37 మందిలో సుమారు సగం మంది క్రైస్తవులు కానే కాదు, ఏ కులంవాడైనా రావచ్చన్నారు. 1827లో డెన్మార్కు రాజు డిగ్రీలిచ్చే అధికారంతో సన్నదు ఇచ్చాడు. ఆ అధికారమే ఇప్పటికీ నడుస్తోంది. 1964లో రాజమండ్రిలో మొదలై తర్వాత హైదరాబాదుకి మారిన ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ దాని అనుబంధమే. పాఠం అక్కడ, పట్టా శ్రీరాంపూర్‌ది.

ప్రశ్న: కేరీ ఎప్పుడైనా శ్రీకాకుళం వచ్చాడా? మా తాతకి చదువు చెప్పిన దొర ఆయన మనిషేనా? (ఒక పాఠకుడు, శ్రీకాకుళం)

జవాబు: రాలేదండీ. వచ్చింది మొదలు 1834 జూన్ 9న పోయేదాకా నలభై ఏళ్ళు పైగా ఒక్కసారి కూడా ఇంగ్లండు వైపు తిరిగి వెళ్ళలేదు, మన వైపూ రాలేదు. ఆయన శ్రీరాంపూర్ ప్రెస్సు తెలుగు కొత్త నిబంధన అచ్చు వేసింది 1818లో. మన ప్రాంతానికి వచ్చిన మొదటి బాప్టిస్టు శామ్యూల్ డే, 1836లో విశాఖ వచ్చి, ఆ తర్వాత నెల్లూరులో స్థిరపడ్డాడు. మీ తాతగారి దొర కెనడా మనిషి అయి ఉంటాడు. కాకినాడలో థామస్ గేబ్రియల్ అనే తెలుగాయన సొంతంగా పని మొదలుపెట్టి పిలిస్తే 1874లో జాన్ మెక్‌లారిన్ వచ్చాడు. మరుసటి ఏడాది, సయాంలో (ఇప్పటి థాయ్‌లాండ్) పనికోసం వెళ్ళిన ఇంకో కెనడా జట్టు అక్కడ వీలుకాక మన తీరానికి మళ్ళింది. బొబ్బిలి, శ్రీకాకుళం, భీమిలి మిషన్లు వాళ్ళవే, బొబ్బిలిలో చర్చిల్ దంపతులు చాలా ఏళ్ళున్నారు. పిలిచింది తెలుగువాడు అన్న మాట మన చర్చిల్లో ఎందుకో గట్టిగా వినపడదు. సోంపేటలో కళ్ళ ఆపరేషన్లు చేసిన డాక్టర్ గల్లిసన్ కూడా ఆ కెనడా వరుసలోవాడే.

ప్రశ్న: సతి నిషేధంతో కేరీకి సంబంధం ఉందంటారు, నిజమేనా? (విజయనగరం నుంచి ఒక టీచరు)

జవాబు: చట్టం చేసింది గవర్నర్ జనరల్ బెంటింక్, పోరాడినవాళ్ళలో రామమోహన్ రాయ్ ఉన్నాడు, కేరీ కూడా ఏళ్ళ తరబడి మొరపెట్టుకున్నాడు. 1829 డిసెంబరు 4న ఆ ఉత్తర్వు వచ్చింది. బెంగాలీలోకి మార్చమని కాగితం ఆయన చేతికి అందేసరికి ఆదివారం పొద్దున, చర్చికి తయారవుతున్నాడు. ఒక్క రోజు ఆలస్యమైతే ఎవరో ఒక ఆడమనిషి ప్రాణం పోతుందని ఆ రోజు ప్రసంగం ఇంకొకరికి అప్పజెప్పి, పండితుణ్ణి పిలిపించుకుని, చీకటి పడేలోగా తర్జుమా పూర్తిచేశాడు.