సైటేషన్లు కావాలంటే ముందు ప్రొసీజర్ సరిగా రాయి

తల్లీ,

బెంగళూరులో ల్యాబ్ పని బాగానే సాగుతున్నా, గూగుల్ స్కాలర్ పేజీలో నీ హెచ్-ఇండెక్స్ చూసుకుని దిగులుపడుతున్నావని మీ నాన్న చెప్పాడు.

ముందు ఆ అంకె సంగతి. హెచ్-ఇండెక్స్‌ను 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించాడు. ఎన్ని పేపర్లకు కనీసం అన్నేసి సైటేషన్లు, అంటే వేరే పేపర్లలో ప్రస్తావనలు, వచ్చాయో అదే హెచ్. అయిదు పేపర్లకు 40, 22, 9, 4, 3 సైటేషన్లుంటే నీ హెచ్ 4. మొదటిదానికి 400 వచ్చినా 4 దగ్గరే ఆగుతుంది. స్కాలర్ థీసిస్‌లనూ ప్రీప్రింట్లనూ (సమీక్షకు ముందే పెట్టిన పేపర్లనూ) కలుపుకుంటుంది కాబట్టి మామూలుగా స్కోపస్ అనే పేపర్ల డేటాబేస్ కన్నా ఎక్కువ చూపిస్తుంది. అప్లికేషన్లో ఏ డేటాబేస్‌లో, ఏ తేదీన చూశావో తప్పక రాయి.

మన ఆర్గానిక్ కెమిస్ట్రీలో పేపర్‌కి ఆయుష్షు పోసేది పక్క ల్యాబ్‌వాడు నీ రియాక్షన్ పెట్టి, పనిచేసిందని తృప్తిపడటమే. టోటల్ సింథసిస్, అంటే ఓ సంక్లిష్టమైన అణువును మొదటినుంచీ కట్టడం, ఎంత గొప్పదైనా దాన్ని మళ్లీ చేసేవాళ్లు అరుదు. అందులో నువ్వు కనిపెట్టిన స్టెప్పు నలుగురికీ పనికొచ్చేదైతే, దాన్ని విడిగా పది పదిహేను సబ్‌స్ట్రేట్ల (రియాక్షన్‌లో మార్పు చెందే పదార్థాల) మీద చేసి చూపించు. పనిచేయని సబ్‌స్ట్రేట్లను దాచకు. చదివేవాడికి వారం పని తప్పుతుంది.

ఇక సప్లిమెంటరీ, అంటే పేపర్‌తో జతచేసే ప్రయోగ వివరాల ఫైలు. చాలామంది ఆఖరి రాత్రి రాసేది ఇదే, దెబ్బతినేదీ ఇక్కడే. 'రూమ్ టెంపరేచర్' అని వదిలేయకు. బెంగళూరు జనవరి వేరు, చెన్నై మే నెల వేరు. 25 డిగ్రీలని రాసి, ఫ్లాస్క్‌ను ఆ వేడి దగ్గరే ఉంచే బాత్ పెట్టు. 1 మిల్లీమోల్ సబ్‌స్ట్రేట్, 5 మోల్ శాతం కేటలిస్ట్, 5 మిల్లీలీటర్ల టీహెచ్ఎఫ్ ద్రావకం అంటే, ఆ టీహెచ్ఎఫ్‌లోని తేమ ఎలా తీశావు, ఆర్గాన్ ఎన్ని నిమిషాలు పంపావు, ఏది ముందు వేశావు అన్నీ ఉండాలి. గాలి, తేమ తగిలితే పాడయ్యే బ్యూటైల్ లిథియం సీసా మీద 2.5 మోలార్ అని ఉన్నా, సెప్టమ్‌కి (రబ్బరు మూతకి) నాలుగు సూదులు గుచ్చాక అది నిజం కాదు. టైట్రేట్ చేసి అసలు గాఢత కొలిచి, వచ్చిన విలువే రాయి. గ్రాము స్కేల్‌కి వెళ్లినప్పుడు బాత్ మైనస్ 78 చూపిస్తున్నా ఫ్లాస్క్ లోపల వేడి పెరుగుతుంది. మెల్లగా చుక్కచుక్కగా వెయ్యి, లోపలి టెంపరేచర్ నోట్ చెయ్యి.

యీల్డ్ 96 శాతం అని మురిసిపోయే ముందు ప్రోటాన్ ఎన్‌ఎంఆర్ స్పెక్ట్రమ్ (పదార్థంలో ఏమేముందో చూపే గ్రాఫ్) దగ్గరగా చూడు. సీడీసీఎల్3 ద్రావకంలో 1.26, 2.05, 4.12 పీపీఎం దగ్గర పీకులుంటే అది శుద్ధిచేసే కాలమ్‌లోంచి వచ్చిన ఇథైల్ ఎసిటేట్ ద్రావకం. నీ యీల్డ్‌లో దాని బరువూ కలిసింది. హై వ్యాక్యూమ్ మీద ఇంకాసేపు ఉంచి మళ్లీ తూకం వెయ్యి. ఆ స్పెక్ట్రమ్ తాలూకు ముడి డేటా (ఎఫ్‌ఐడీ) ఫైళ్లు కూడా పెట్టు, నమ్మకం పెరుగుతుంది.

మన పేర్లతో ఇంకో చిక్కు. ఇంటిపేరు మనం ముందు రాస్తాం, జర్నళ్లేమో చివరి మాటనే సర్‌నేమ్ అనుకుంటాయి. ఒక పేపర్లో ఇనిషియల్, ఇంకోదాంట్లో పూర్తి ఇంటిపేరు, మరోదాంట్లో పేరు రెండు ముక్కలైతే స్కోపస్ నిన్ను ముగ్గురిగా చీల్చేస్తుంది. ఒకే రూపం ఎంచుకో, పరిశోధకులకిచ్చే 16 అంకెల ఆర్కిడ్ ఐడీ తీసుకో, ప్రతి సబ్మిషన్‌కీ అదే ఇవ్వు. స్కాలర్‌లో నీలాంటి పేరే ఉన్న వేరే రావుగారి పేపర్లు నీ ఖాతాలో చేరితే తీసెయ్యి.

పేపర్ పంపేముందు ప్రొసీజర్ పక్క బెంచీ జూనియర్‌కిచ్చి, నువ్వు దగ్గర నిలబడకుండా చేయించు. వాళ్లు ఎక్కడ ఆగి నిన్ను అడిగారో, అక్కడే ఒక వాక్యం తక్కువైంది.

ఆశీస్సులతో,
బాబాయి