గవ్వల పిచ్చి ఉన్న నా పిల్లకి

బుజ్జితల్లీ,

మట్టితో నగలు చేస్తావటగా, అదీ సముద్రంలో ఉండేవాటి రూపాల్లో! మీ అమ్మ ఫోన్‌లో చెప్పినప్పటి నుంచీ ఒక పక్క గర్వం, ఒక పక్క గుబులు. ఇన్నేళ్లు మట్టి పిసికినదాన్ని, ఊరుకోలేక రాస్తున్నాను.

తేలికవి ముందు. ఆరి కాలేసరికి మట్టి సుమారు పదోవంతు కుంచించుకుపోతుంది, పింగాణీ మట్టి ఇంకా ఎక్కువ. కాబట్టి కొక్కేనికి బెజ్జం పెద్దదే పెట్టు, గ్లేజ్, అదే కాలాక గాజులా మెరిసే పూత, పూశాక పుల్లతో దాన్ని తెరువు. చుట్టూ గ్లేజ్ పూసిన పూసలు కిల్న్ (మట్టి కాల్చే బట్టీ) పలకకి అతుక్కుపోతాయి, ఆ వేడిని తట్టుకునే నైక్రోమ్ తీగకి గుచ్చి కాల్చు. చెవికి పెట్టేవి తేలిగ్గా ఉండాలి.

ఇక అసలు సంగతి. మట్టిలో నిజం గవ్వముక్కలు కలపొద్దు. మీ అమ్మ నీకు చెప్పి ఉండదు, పెళ్లికి ముందు తనూ నాతో మట్టి పని చేసేది. నాకంటే చెయ్యి తిరిగినది. స్నేహితురాలి పెళ్లికని పగడపు కొమ్మల్లాంటి లాకెట్టు చేసి, అందం కోసం చితక్కొట్టిన గవ్వముక్కలు అందులో అద్దింది. వెయ్యి డిగ్రీల దాకా కాల్చి తీస్తే తెల్లగా, ముచ్చటగా వచ్చింది. ఇద్దరం ఎంత మురిసిపోయామో! కొన్నాళ్లకి పెట్టె తెరిస్తే ముక్క ఉన్న చోటల్లా గుంట, గుంటలో తెల్లటి పొడి. ఒక కొమ్మ పూర్తిగా ఊడిపోయింది. గుల్లని కాలిస్తే సున్నమే కదా. కాలినప్పుడు బుద్ధిగానే ఉంటుంది, తర్వాత గాల్లో తేమ తాగి ఉబ్బి, చుట్టూ ఉన్న మట్టిని పగలగొట్టుకుని బయటికొస్తుంది. ఈ కారణం చెప్పేవాళ్లు అప్పుడు మా దగ్గర ఎవరూ లేరు. లోపం తన చేతిలోనే ఉందనుకుని మీ అమ్మ మళ్లీ మట్టి ముట్టలేదు. అంత మంచి చెయ్యి! నాకిప్పటికీ బాధే.

గవ్వని అచ్చుగా వాడుకో, మెత్తటి మట్టి మీద నొక్కి తీసెయ్. సీ అర్చిన్, అదే ముళ్లబంతిలా ఉండే సముద్రజీవి, దాని ఖాళీ పెంకు దొరికితే వదలకు. దాని బొడిపెల వరుసలు అయిదు భాగాలుగా తీరి ఉంటాయి, ఆ తీరు చేతికి వచ్చేదాకా బొమ్మలు గీస్తూ ఉండు. చుట్టలు తిరిగి ఉండే నాటిలస్ గుల్ల మాత్రం అచ్చు కోసమని కొనకు, వాటి వేట ఎక్కువైందనే 2016లో సైటీస్ (అడవి జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ) ఒప్పందంలో చేర్చారు. ఫోటో చూసి చేత్తో చుట్టు, నీకొస్తుంది.

ఇప్పుడు చెప్పేది గట్టిగా చెబుతున్నాను, విను. ఎండిన మట్టిని శాండ్‌పేపర్‌తో రుద్దావంటే ఊరుకోను. తడి స్పాంజితోనే నునుపు చెయ్యి. నేల చీపురుతో ఊడవకు, తడిగుడ్డతో తుడువు. మట్టిలోని సన్నటి సిలికా (ఇసుకలో ఉండే పదార్థమే) పొడి ఊపిరితిత్తుల్లో దిగితే మచ్చ కడుతుంది, అది మానదు. గుడ్డ మాస్కు దాన్ని ఆపలేదు, ఎన్95 కావాలి. చిన్నప్పుడు నీకు ఆయాసం వస్తే భుజాన వేసుకుని తెల్లవార్లూ తిరిగినదాన్ని, నీ ఎదలో ఆ పిల్లికూతలు మళ్లీ వినలేను తల్లీ.

ముందు ఆ మాస్కు కొను, మట్టి తర్వాత. కొన్నాక పెట్టుకుని ఫోటో పంపు. మొదటి కమ్మలు ఎంత వంకరగా వచ్చినా నావే, ఇంకెవరికీ ఇవ్వకు.

మీ పెద్దమ్మ