కాలేజీకి ఆరు లైన్లు, మిగతాదంతా గుంటే

ప్రశ్న: సార్, మాది అల్లూరు దగ్గర పల్లె. నాన్న రెండెకరాల గుంట కౌలుకు తీసుకుని రొయ్యలు వేస్తారు. ఏడు దాకా ఊళ్లో, పది దాకా హాస్టల్లో, బైపీసీ నెల్లూరులో చదివా. నీట్‌లో సీటొచ్చే మార్కులు రాలేదు. నాన్న లాంగ్ టర్మ్ అంటున్నారు, అంటే ఏడాది ఆగి నీట్ కోచింగ్ తీసుకోమని. ఇన్నేళ్లు చదివి నేను ఏం నేర్చుకున్నానో నాకే తెలియట్లేదు. ఏం చేయను?

జవాబు: అమ్మాయ్, పైన వేసింది కుదించిన ముక్కే. నీ అసలు ఉత్తరం మూడు పేజీలు, రెండుసార్లు చదివా. అందులో కాలేజీ గురించి ఆరు లైన్లు రాశావు, అవీ టెస్టులు, ర్యాంకులు, ఫస్టియర్‌లో మార్కులు తగ్గితే నాన్నకు ఎక్కువ చేసి చెప్పిన సంగతి. మిగతాదంతా గుంటే. తొమ్మిదో తరగతి సెలవుల్లో నాన్నకు జ్వరమొస్తే రాత్రి కాపలాకు అమ్మతో కలిసి నువ్వెళ్లడం, కరెంటు పోయి నీళ్లకు గాలి అందించే ఏరేటర్లు ఆగిపోవడం, తెల్లవారుజామున రొయ్యలు నీళ్లపైకి తేలితే పక్క గుంటాయన్ని లేపి జనరేటర్ తెప్పించడం. మరుసటేడు కిరణజన్య సంయోగక్రియ పాఠం వింటుంటే, పగలు ఆక్సిజన్ ఇచ్చే పచ్చనీళ్ల నాచు రాత్రి అదే ఆక్సిజన్ వాడుకుంటుంది కదా, అందుకే తెల్లారేముందు పడిపోయిందని నీకు తట్టిందట. నువ్వు నేర్చుకున్నదేంటని నన్నడుగుతున్నావా?

మార్కుల అబద్ధాన్ని సెకండియర్‌లో నువ్వే ఫోన్ చేసి ఒప్పుకున్నానన్నావు. నేనూ ఇంటర్లో మార్కుల లిస్టు దాచినవాణ్ణే, మా నాన్న పోయేదాకా చెప్పలేకపోయా. సరే, అది వదిలెయ్.

మీ నాన్న మీద నీకు కోపం ఉంది, డాక్టరు తప్ప ఇంకేం వద్దంటాడని. కానీ ఆయన వైపు నుంచి చూడు. 1994 ప్రాంతంలో టైగర్ రొయ్యకు వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు తగిలి మన తీరంలో గుంటలకు గుంటలు పోయినప్పుడు మీ తాత పొలం అమ్మాడని నువ్వే రాశావు. 2009లో వనామీ అనే కొత్త రకం రొయ్య వచ్చాక మళ్లీ జనం గుంటల్లో దిగారు, 2025లో అమెరికా సుంకాలు పెంచితే రేటు పడిపోయి మీ ఇంట్లో మూడు నెలలు గొడవలు. ఆయన నిన్ను డాక్టరు చెయ్యాలనుకోవడం కన్నా గుంటకు దూరంగా పంపాలనుకుంటున్నాడేమో అని నాకనిపిస్తోంది.

ముత్తుకూరులో మత్స్యశాస్త్ర కళాశాల ఉంది, మీ జిల్లాలోనే. నాలుగేళ్ల బీఎఫ్ఎస్సీ, అంటే మత్స్యశాస్త్రంలో డిగ్రీ, బైపీసీ వాళ్లకు ఈఏపీసెట్ ర్యాంకు మీద సీటు. నువ్వు ఆ పరీక్ష రాశానన్నావు కాబట్టి దారి తెరిచే ఉంది. కౌన్సెలింగ్ ఇంజనీరింగ్ వాళ్లతో కలిపి జరగదు, నోటిఫికేషన్ విడిగా వస్తుంది, దాని మీద కన్నేసి ఉంచు. పల్లెలో చదివిన కాగితాలు, కౌలు కాగితం కూడా బయటికి తీసి పెట్టుకో, రిజర్వేషన్ నిబంధనల్లో ఏవి నీకు పనికొస్తాయో నోటిఫికేషన్లో చూసుకోవచ్చు.

అయ్యాక ఏముంది అంటారు ఇంట్లో. బ్యాంకుల్లో అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్ పరీక్షకు బీఎఫ్ఎస్సీ వాళ్లూ అర్హులే, మత్స్యశాఖ ఉద్యోగాలున్నాయి, దాని మీద పీజీ, ఎమ్మెఫ్ఎస్సీ చేయాలంటే ముంబైలో కేంద్ర మత్స్య విద్యా సంస్థ ఉంది. రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీలు, మేత కంపెనీలు తీసుకుంటాయి గానీ మొదట్లో జీతం తక్కువ, తిరుగుడు ఎక్కువ, అది దాచను. ఆడపిల్ల గుంటల వెంట తిరగడమేంటని మీ అమ్మ అంటుందన్నావు కదా, ఆమెకు ల్యాబుల సంగతి చెప్పు. సీడ్, అంటే రొయ్య పిల్లల్ని గుంటలో వేసేముందు వైట్ స్పాట్ ఉందో లేదో పీసీఆర్ పరీక్ష చేసేది అక్కడే.

లాంగ్ టర్మ్ తప్పని నేననను. డాక్టరు కావాలని నీకు లోపల నిజంగా ఉంటే ఒక్క ఏడాది, ఒక్కటే, పెట్టొచ్చు. మూడు పేజీల్లో ఆ మాట నాకెక్కడా కనపడలేదు.

నాన్నతో ఇంట్లో అందరి ముందూ మాట్లాడొద్దు. రాత్రి కాపలాకు ఆయనతో పాటు వెళ్లు. హాస్టల్ నుంచి వచ్చినప్పుడల్లా గుంట నీళ్లలో ఉప్పు, పీహెచ్, అమ్మోనియా ఎంతున్నాయో రాసిపెట్టిన నోటుబుక్కు ఉందన్నావుగా, అది పట్టుకుపో.