ఆట నడుస్తుండగా పుట్టే ఎనిమీ సిగ్నల్‌ని స్కోర్ లేబుల్‌కి ఎలా కలపాలి?

మీరు రాసినదాన్ని బట్టి పరిస్థితి ఇదీ: గోడాట్ 4 అనే గేమ్ ఇంజిన్‌లో ఎనిమీ ఒక వేరే సీన్, అంటే విడి ఫైల్‌లో ఉన్న నోడ్‌ల (ఆట భాగాల) గుంపు. ఆట నడుస్తున్నప్పుడు స్పానర్ దాన్ని పుట్టిస్తుంది. చచ్చేటప్పుడు అది ‘డైడ్’ అనే సిగ్నల్ (మిగతా నోడ్‌లు వినగలిగే కబురు) వదులుతుంది. ప్రింట్ పెట్టి చూస్తే సిగ్నల్ ఎమిట్ అవుతూనే ఉంది, అంటే బయటికి వెళుతూనే ఉంది, స్కోర్ మాత్రం కదలదు. పోనీ ఎడిటర్‌లోనే కలుపుదామంటే, కనెక్ట్ నొక్కినప్పుడు వచ్చే జాబితాలో హడ్ (స్కోర్ లేబుల్ ఉన్న, ఆట తెరమీద కనిపించే నోడ్) కనిపించదు.

కనిపించకపోవడంలో తప్పేం లేదు. ఎడిటర్‌లో మనం కలిపే సిగ్నల్ ఆ సీన్ ఫైల్‌లోనే సేవ్ అవుతుంది. ఒకసారి మీ సీన్ ఫైల్‌ని మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి అడుగుకి వెళ్లండి. ‘కనెక్షన్’ అని మొదలయ్యే లైన్లు ఉంటాయి: ఏ సిగ్నల్, ఏ నోడ్ నుంచి, ఏ నోడ్‌కి, ఏ ఫంక్షన్. ఎనిమీ సీన్ ఫైల్‌కి హడ్ అనేది ఒకటుందని తెలియదు. మెయిన్ సీన్ ఫైల్‌లో ఎనిమీ ఇంకా పుట్టనే లేదు. కాబట్టి ఆ లైన్ కోడ్‌లో మనమే రాయాలి.

ఎవరి స్క్రిప్ట్‌లో రాయాలన్నదే అసలు ప్రశ్న. నేను మొదట ఎనిమీ స్క్రిప్ట్‌లోనే రాశాను: తల్లి నోడ్, దాని తల్లి నోడ్, అక్కణ్ణుంచి హడ్, అందులో లేబుల్ అంటూ పొడుగాటి దారి. పనిచేసింది కూడా. తర్వాత ఒక రోజు స్పానర్‌ని ఇంకో నోడ్ కిందకి జరిపాను, అంతే, ఎనిమీ పుట్టిన ప్రతిసారీ ఎర్ర ఎర్రర్లు. పైగా ఎనిమీ నడక ఒక్కటే చూద్దామని ఆ సీన్‌ని ఎఫ్6తో విడిగా నడిపితే, అక్కడ హడ్ లేదు కాబట్టి మొదటి ఫ్రేమ్‌లోనే ఆగిపోయేది. అప్పటి నుంచి ఒకటే పద్ధతి: ఎనిమీ ‘చచ్చాను’ అని కేకేసి ఊరుకుంటుంది, ఎవరు వింటున్నారో దానికి అనవసరం. ఇద్దరినీ ఎరిగినవాడే కలుపుతాడు.

మీ దగ్గర ఎనిమీని ఎరిగినవాడు స్పానర్, కానీ అతనికి హడ్ తెలియదు. నేనైతే స్పానర్‌కి ‘ఎనిమీ_డైడ్’ అని సొంత సిగ్నల్ ఒకటి పెడతాను. ఎనిమీ కేకని స్పానర్ విని, తన సిగ్నల్‌గా పైకి అందిస్తుంది. స్పానర్, హడ్ రెండూ మెయిన్ సీన్‌లో మొదటి నుంచీ ఉన్నవే కాబట్టి ఆ రెండింటినీ నోడ్ ప్యానెల్‌లోనే మౌస్‌తో కలిపేయొచ్చు. స్పానర్‌లో రాయాల్సింది ఒక్క లైన్: ఎనిమీ.డైడ్.కనెక్ట్(ఆన్_ఎనిమీ_డైడ్). బ్రాకెట్లో ఫంక్షన్ పేరు మాత్రమే ఇవ్వాలి. దాని పక్కన ఇంకో జత బ్రాకెట్లు పెడితే అది అప్పుడే నడిచేస్తుంది, కలవదు. ఫంక్షన్ పేరుని కోట్స్‌లో పెట్టి, ముందు టార్గెట్ నోడ్ ఇచ్చే పద్ధతి గోడాట్ 3 నాటిది. 4.0 వచ్చింది 2023 మార్చిలో, అంతకు ముందు చేసిన వీడియోల్లో ఎక్కువగా ఆ పాత పద్ధతే ఉంటుంది. చూసి రాసేటప్పుడు జాగ్రత్త.

ఇంక క్రమం. ఇన్‌స్టాన్షియేట్ చేయండి (సీన్ నుంచి ఎనిమీని తయారుచేయడం), వెంటనే కనెక్ట్ చేయండి, ఆ తర్వాతే యాడ్_చైల్డ్ (దాన్ని ఆటలో చేర్చడం). సిగ్నల్ ఉత్తరం లాంటిది కాదు, ఎవరూ లేనప్పుడు వస్తే గుమ్మంలో పడి ఉండదు. ఎమిట్ అన్న క్షణంలో ఎవరు కనెక్ట్ అయి ఉంటే వాళ్ల ఫంక్షన్లు అప్పటికప్పుడు నడుస్తాయి, లేకపోతే పోయినట్టే. దీనికి నేను సగం రోజు సమర్పించుకున్నాను. నా ప్లేయర్ తన రెడీ ఫంక్షన్‌లోనే (నోడ్ ఆటలో చేరగానే నడిచేది) ‘హెల్త్ మారింది’ అని ఎమిట్ చేసేది. దాన్ని హెల్త్ బార్‌కి కలిపే లైన్ తల్లి నోడ్ రెడీలో ఉంది. పిల్లల రెడీ ముందు నడుస్తుంది, తల్లిది తర్వాత. అంటే వినేవాడు కూర్చునేలోపే కేక అయిపోయింది! మొదటి దెబ్బ తగిలేదాకా బార్ సున్నా దగ్గరే ఉండేది. నేనేమో బార్ గీయడంలోనే తేడా ఉందనుకుని థీమ్ రంగులన్నీ మార్చుకుంటూ కూర్చున్నాను. చివరికి, కనెక్ట్ చేశాక ఇప్పుడున్న హెల్త్ విలువని బార్‌కి నేరుగా ఒకసారి ఇచ్చేస్తే సరిపోయింది.

లాంబ్డాల (కనెక్ట్ లైన్‌లోనే అక్కడికక్కడ రాసే పేరులేని ఫంక్షన్ల) సంగతి కూడా చెప్పాలి. ఒకే ఫంక్షన్‌ని రెండుసార్లు కనెక్ట్ చేయబోతే ఇంజిన్ ‘ఇప్పటికే కనెక్ట్ అయింది’ అని గొడవ చేస్తుంది, అది మంచిదే. లాంబ్డా రాస్తే ఆ కాపలా ఉండదు, ప్రతిసారీ కొత్తది తయారవుతుంది కాబట్టి. కొత్త ఆట మొదలుపెట్టే ఫంక్షన్‌లో నేను లాంబ్డాతో కనెక్ట్ చేశాను. మొదటి ఆటలో ఎనిమీకి 10 పాయింట్లు, రెండో ఆటలో 20, మూడో ఆటలో 30. ఆడేవాళ్లకి పండగే అనుకోండి.

అన్ని సిగ్నళ్లనీ ఒక ఆటోలోడ్‌లో (ఆట మొదలవగానే లోడై, అన్ని స్క్రిప్టులకీ అందుబాటులో ఉండే నోడ్) పోసేయమని మీకు చాలామంది చెప్తారు. ఒక్క స్కోర్ కోసం నాకది అనవసరం అనిపిస్తుంది. ఒక ప్రాజెక్ట్‌లో నేను అలా చేసి, ఏ సిగ్నల్ ఎవరు వదులుతున్నారో వెతుక్కోవడానికే ఫైళ్లన్నీ గాలించాల్సి వచ్చింది.

ఇవన్నీ చేశాక కూడా లేబుల్ కదలకపోతే, ఎనిమీలో ఎమిట్‌కి పై లైన్‌లో డైడ్.గెట్_కనెక్షన్స్() ప్రింట్ చేయండి. ఖాళీ జాబితా వస్తే స్పానర్‌లోని కనెక్ట్ లైన్ నడవలేదన్నమాట. స్పానర్ పేరు కనిపిస్తే ఎనిమీ వైపు అంతా బాగానే ఉంది, స్పానర్ సిగ్నల్‌కీ ఇదే పరీక్ష పెట్టండి. అక్కడా హడ్ కనిపిస్తే మాత్రం, ఆట నడుస్తుండగా సీన్ ప్యానెల్‌లో రిమోట్ ట్యాబ్ తెరిచి హడ్‌లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. నాకొకసారి రెండు దొరికాయి: ఒకటి ఆటోలోడ్‌లో పెట్టి మరిచిపోయింది, ఇంకోటి సీన్‌లో ఉన్నది. స్కోర్ పెరుగుతూనే ఉంది, పైన కప్పేసిన హడ్ వెనకాల.