మదర్‌బోర్డు పోయిందని ఎవరు తేల్చారు?

ప్రశ్న: గుంటూరులో ఇంటి దగ్గరే పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. నెలకు రూ.35 వేలు వస్తాయి. అయిదేళ్ల నాటి కంప్యూటర్ పని మధ్యలో ఆగిపోతోంది. షాపులో ముందు ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె), తర్వాత ర్యామ్ మార్చారు. రూ.7,500 ఖర్చయినా తగ్గలేదు. ఇప్పుడు మదర్‌బోర్డు పోయిందంటున్నారు. కొత్త సిస్టమ్ కోసం లోన్ యాప్‌లో నెలకు 3 శాతం వడ్డీకి రూ.80 వేలు తీసుకోవచ్చా? చేతిలో రూ.9 వేలే ఉన్నాయి.

జవాబు: వద్దండీ. లోపం తేలకుండానే రెండు భాగాలు మార్పించారు. మూడోదానికి అప్పు చేస్తానంటున్నారు. ఇలా నష్టపోతున్నవాళ్లు చాలామందే ఉన్నారు.

ముందు మీ ఫైళ్లన్నీ బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. తర్వాత అది ఎప్పుడు ఆగుతోందో గమనించండి. బరువైన ఫైళ్లు సేవ్ చేస్తున్నప్పుడే అయితే వేడిని అనుమానించాలి. ప్రాసెసర్ 100 డిగ్రీల దరిదాపుల్లోకి వెళ్తే కాపాడుకోవడానికి ముందు వేగం తగ్గించుకుంటుంది, వేడి ఇంకా పెరిగితే తానే ఆగిపోతుంది. అయిదేళ్లలో థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడిని బయటకు పంపేందుకు పూసే పదార్థం) ఎండిపోయి ఉంటుంది, ఫ్యాన్‌లో దుమ్ము పేరుకుని ఉంటుంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఉష్ణోగ్రత కనిపిస్తుంది. శుభ్రం చేయించి పేస్ట్ వేయించడానికి అయ్యేది కొన్ని వందలే. ఆగేటప్పుడు నీలిరంగు ఎర్రర్ తెర (బ్లూ స్క్రీన్) వస్తుంటే ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 అనే సాఫ్ట్‌వేర్‌ను రాత్రంతా నడపండి. కరెంటు హెచ్చుతగ్గుల సమయంలో ఆగుతుంటే యూపీఎస్ బ్యాటరీ చూపించండి. ఇవన్నీ అయ్యాక కూడా బోర్డే అంటే, ఇంకో షాపులో ఆ మాట కాగితం మీద రాయించుకోండి. తీసేసిన పాత భాగాలు కూడా అడిగి తెచ్చుకోండి.

ఇక అసలు జబ్బు రూ.9 వేల దగ్గరుంది. మీ సంపాదనంతా ఆ ఒక్క యంత్రం మీదే నడుస్తోంది. అది ఆగితే ఆదాయమూ ఆగుతుంది. అలాంటప్పుడు ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన ఉండాలి. దానితో కలపకుండా, సిస్టమ్ కోసమే నెలకు రూ.2,000 వేరే రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. అయిదేళ్లలో వడ్డీ కాకుండానే రూ.1.2 లక్షలవుతుంది. మీరు అడిగిన అప్పుకు మొదటి నెల వడ్డీయే రూ.2,400! ప్రాసెసింగ్ ఫీజు, దానిపై 18 శాతం జీఎస్టీ దీనికి అదనం. నెలనెలా అంత వడ్డీ కట్టగలిగినవారు ఆ డబ్బు దాచుకోనూ గలరు.

నిజంగా మార్చాల్సి వస్తే బోర్డు ఒక్కటే మార్చండి. తప్పనిసరైతే బ్యాంకులో బంగారంపై చిన్న రుణం చూడండి.

ఇప్పటికే యాప్ నుంచి డబ్బు ఖాతాలో పడి ఉంటే వెంటనే ఒప్పందంలో కూలింగ్ ఆఫ్ గడువు (అప్పు వద్దనుకుంటే వెనక్కి ఇచ్చేయడానికి ఇచ్చే సమయం) చూడండి. ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం ఆ గడువులోగా అసలు, ఆ రోజులకైన వడ్డీ కట్టేస్తే పెనాల్టీ లేకుండా బయటపడవచ్చు.